ఆక్టేన్ అంకె వెనుక మనిషి: థామస్ మిడ్జ్‌లీ

పెట్రోల్ బంకుల్లో మామూలు పెట్రోలు పక్కనే ఇప్పుడు 95, 100 అంకెలు రాసిన పంపులు కనిపిస్తున్నాయి. ధర ఎక్కువ కాబట్టి సత్తువ కూడా ఎక్కువేనని చాలామంది నమ్మకం. కొత్త బండి కొన్నవాళ్లు మొదటి ట్యాంకైనా ఖరీదైన పెట్రోలుతో నింపించాలనుకుంటారు. ఆ అంకెకూ సత్తువకూ నేరుగా సంబంధం లేదు. సిలిండర్‌లో ఒత్తిడీ వేడీ పెరిగినప్పుడు ఇంధనం తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో అది చెబుతుంది, అంతే. ఆ ఓర్పును ఒక సీసాలో పట్టి పెట్రోలులో కలిపి అమ్మవచ్చని నిరూపించిన వ్యక్తి థామస్ మిడ్జ్‌లీ జూనియర్. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, పేరొచ్చింది రసాయన శాస్త్రంలో. బతికుండగా అమెరికా రసాయన శాస్త్రవేత్తలు ఇవ్వగల పెద్ద గౌరవాలన్నీ దాదాపు అందుకున్నారు. ఇప్పుడు ఆయన పేరు ఎక్కువగా వినిపించేది గాలిని పాడుచేసిన వాళ్ల జాబితాలో.

మిడ్జ్‌లీ 1889 మే 18న పెన్సిల్వేనియాలోని బీవర్ ఫాల్స్‌లో పుట్టి, ఒహైయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పెరిగారు. ఇంట్లో వస్తువుల్ని కనిపెట్టడం వంశపారంపర్యం. తండ్రి టైర్ల మీద పనిచేసిన ఆవిష్కర్త. తల్లి తండ్రి పళ్లు మార్చుకునే వీలున్న రంపాన్ని తయారుచేసిన మనిషి. బేస్‌బాల్ బంతి గాలిలో బాగా మెలి తిరగడానికి ఒక చెట్టు బెరడు నమిలి ఆ జిగురును బంతికి పూసేవాడని ఆయన కుర్రతనం గురించి ఒక కథ ఉంది. పని జరిపించే పదార్థం ఏదో వెతికి పట్టుకోవడం ఆయనకు చిన్నప్పుడే అబ్బిందని చెప్పడానికి స్నేహితులు ఈ కథ చెప్పేవారు. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకుని, ఐదేళ్ల తర్వాత డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ దగ్గర చేరారు. కార్లకు సెల్ఫ్ స్టార్టర్ తెచ్చింది ఈ కెటరింగే. మిడ్జ్‌లీ మిగతా జీవితమంతా ఈ గురువు నీడలోనే నడిచింది.

కెటరింగ్ కంపెనీ అప్పట్లో కరెంటు లేని పల్లెలకు చిన్న జనరేటర్ సెట్లు అమ్మేది. వాటిలో ఉండేది గాలితో చల్లబడే ఒకే సిలిండర్ ఇంజిన్, పోసేది కిరసనాయిలు. లోడ్ పడగానే ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టక్ టక్ మని మోగేది. మన మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. ఒక్కోసారి పిస్టన్ దెబ్బతినేది. కార్ల ఇంజిన్లలోనూ ఇదే బాధ. కెటరింగ్ తెచ్చిన స్టార్టర్, బ్యాటరీ ఇగ్నిషన్ల వల్లే ఇంజిన్లు నాక్ అవుతున్నాయని పోటీదారులు ప్రచారం చేశారు. ఆ నింద తొలగించుకోవాలన్న పట్టుదల కూడా ఈ పరిశోధనకు ఒక కారణం.

నిప్పురవ్వ రావలసిన దానికంటే ముందే ఇంధనం అంటుకోవడం వల్ల చప్పుడు వస్తోందని అప్పటి ఇంజినీర్లలో ఎక్కువమంది అనుకునేవారు. మిడ్జ్‌లీ సిలిండర్‌కు క్వార్ట్జ్ కిటికీ పెట్టి లోపలి మంటను చూశారు. ఒత్తిడి ఎప్పుడు ఎంత పెరుగుతోందో గుర్తించే పరికరాన్ని అమర్చారు. తేలింది వేరు. స్పార్క్ ప్లగ్ దగ్గర మంట సవ్యంగానే మొదలవుతోంది, ఒక మూల నుంచి మరో మూలకు పాకుతోంది. మంట ఇంకా చేరని మూలన మిగిలిన మిశ్రమం, ముందు కాలిన వాయువుల ఒత్తిడికి నలిగి, వేడెక్కి, ఒక్కసారిగా తనంతట తాను అంటుకుంటోంది. ఆ ఒత్తిడి కెరటమే లోహాన్ని కొట్టి మోగిస్తోంది. అంటే తప్పు ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనానిది. ఆయన జీవితంలో నిఖార్సైన విజ్ఞానం ఇదేనని చెప్పాలి. తర్వాత వచ్చిన సీసం పోయింది గానీ ఈ అవగాహన ఇప్పటికీ ప్రతి పెట్రోలు ఇంజిన్ రూపకల్పనలో ఉంది.

మందు వెతకడం మాత్రం ఒక తప్పుడు ఊహతో మొదలైంది. మంచు ఇంకా కరగకముందే పూసే ఒక అడవి మొక్క ఆకులు ఎర్రగా ఉంటాయి. ఎరుపు వేడిని పీల్చుకుంటుంది కాబట్టే అది తొందరగా పూస్తుందని కెటరింగ్ ఊహ. కిరసనాయిలుకు ఎర్ర రంగు వేస్తే అది కూడా వేడిని పీల్చుకుని త్వరగా ఆవిరై సాఫీగా మండుతుందేమో! 1916 చివర్లో మిడ్జ్‌లీ ఎర్ర రంగు కోసం వెతికితే నూనెలో కరిగే రంగు దొరకలేదు, అయోడిన్ దొరికింది. పోసి చూస్తే నాకింగ్ ఆగిపోయింది. సంబరపడి నిజమైన ఎర్ర రంగులు తెప్పించి వేస్తే ఏమీ జరగలేదు. రంగులేని అయోడిన్ సమ్మేళనం వేస్తే మళ్లీ ఆగింది. మహిమ రంగుది కాదు, పదార్థానిది. ఇలా అసలు దారి దొరికింది. కానీ అయోడిన్ ఖరీదైనది, పైగా లోహాన్ని తినేస్తుంది.

తర్వాతి ఐదేళ్లు వరసగా పదార్థాలు పోసి చూడటమే పని. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం బెంజీన్ వంటి వాటితో మిశ్రమాలు చేశారు. 1919లో అనిలిన్ పనిచేస్తుందని తేలింది గానీ దాని వాసన భరించలేనిది. సెలీనియం, టెల్లూరియం ఇంకా బాగా పనిచేశాయి. టెల్లూరియం వెల్లుల్లి కంపు మాత్రం బట్టలకూ ఒంటికీ పట్టి, ఎన్ని స్నానాలు చేసినా వదిలేది కాదు. అప్పటికి మిడ్జ్‌లీ గుడ్డిగా వెతకడం మానేసి మూలకాల ఆవర్తన పట్టికను దగ్గర పెట్టుకున్నారు. పట్టికలో కిందికి వెళ్లే కొద్దీ, బరువైన మూలకాల వైపు జరిగే కొద్దీ ప్రభావం పెరుగుతోందని గమనించారు. ఆ దారి చివర సీసం ఉంది. 1921 డిసెంబర్ 9న ఆయన బృందం టెట్రా ఇథైల్ లెడ్‌ను ఇంజిన్‌లో పరీక్షించింది. గ్యాలన్ పెట్రోలుకు, అంటే సుమారు 3.8 లీటర్లకు, మూడు ఘన సెంటీమీటర్ల లోపే సరిపోయేది. ఒక చెంచా కూడా కాదు.

అదే ఏడాది ఆయన చేతిలో ఇంకో జవాబు కూడా ఉంది. ఆల్కహాల్ కలిపితే పెట్రోలు నాక్ కాదని మిడ్జ్‌లీకి బాగా తెలుసు. ఆల్కహాల్ మిశ్రమం మీద పేటెంటు తీసుకున్నారు. 30 శాతం ఆల్కహాల్ కలిపిన పెట్రోలుతో కారు నడిపి చూపించారు. మొక్కజొన్న నుంచో మొలాసిస్ నుంచో ఎవరైనా కాచుకోగల సారాకు గుత్తాధిపత్యం ఉండదు. పైగా నాకింగ్ ఆగాలంటే లీటర్ల కొద్దీ కలపాలి, అంత పెట్రోలు అమ్మకం తగ్గుతుంది. చెంచాడు సీసానికి పేటెంటు ఉంటుంది, అమ్మే ప్రతి గ్యాలన్ మీదా ఆదాయం వస్తుంది. ఈ లెక్క ఒక్కటే నిర్ణయించిందనడం అతిశయోక్తి. ఆ రోజుల్లో అంత ఆల్కహాల్ తయారుచేయడం, నీరు చేరకుండా పెట్రోలుతో కలిపి ఉంచడం కూడా సమస్యలే. కానీ రెండు దారులు కనిపిస్తున్న చోట జనరల్ మోటార్స్ దేన్ని ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో అర్థం కావాలంటే ఈ లెక్కను పక్కన పెట్టలేం.

సీసం విషమని అప్పటికి కొత్తగా తెలియవలసిన పని లేదు. రోమన్ల కాలం నుంచీ తెలుసు. టెట్రా ఇథైల్ లెడ్ మరీ ప్రమాదం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. వైద్య నిపుణులు ముందే హెచ్చరించారు. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోని ఒక బంకులో అమ్మకం మొదలయ్యే వేళకు మిడ్జ్‌లీ ఒంట్లోనే సీసం చేరింది. కోలుకోవడానికి ఫ్లోరిడా వెళ్లి కొన్ని వారాలు విశ్రాంతి తీసుకున్నారు. ఆ మే నెలలో ఇండియానాపోలిస్ రేసులో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన కార్లు ఈ ఇంధనంతోనే నడిచాయి. దానికి పెట్టిన పేరు ఇథైల్. లెడ్ అన్న మాట పేరులోంచి మాయమైంది.

1924 ఆగస్టులో జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కలిసి ఇథైల్ గ్యాసొలీన్ కార్పొరేషన్ పెట్టాయి. కెటరింగ్ అధ్యక్షుడు, మిడ్జ్‌లీ ఉపాధ్యక్షుడు. రెండు నెలలకే, అక్టోబర్‌లో, న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో సీసం తయారుచేసే విభాగంలో కార్మికులకు మతి చలించడం మొదలైంది. లేని వాటిని చూసి భయపడ్డారు, కొందరిని కట్టేసి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఐదుగురు చనిపోయారు. డ్యూపాంట్ కంపెనీ డీప్‌వాటర్ ప్లాంటులో పరిస్థితి ఇంకా దారుణం. అక్కడి కార్మికులు గాలిలో లేని పురుగుల్ని చేత్తో తోలుకుంటూ ఉండేవారు. ఆ భవనానికి సీతాకోకచిలుకల ఇల్లని పేరు పడింది. డేటన్‌లో కూడా ఇద్దరు పోయారు. మూడు చోట్లా కలిపి మృతులు పదిహేను మంది దాకా ఉంటారు. వాళ్ల పేర్లు ఏ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకంలోనూ కనిపించవు.

బేవే మరణాల వార్తలు పత్రికల్లో వస్తున్న రోజుల్లోనే, అక్టోబర్ 30న, మిడ్జ్‌లీ విలేకరుల్ని పిలిచారు. వాళ్ల ముందు టెట్రా ఇథైల్ లెడ్‌ను చేతుల మీద పోసుకుని కడుక్కున్నారు. సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం సేపు ఆవిరి పీల్చారు. రోజూ ఇలా చేసినా తనకేమీ కాదన్నట్టు మాట్లాడారు. ఏడాదిన్నర కిందట అదే సీసం వల్ల మంచం పట్టిన మనిషి! ఆయన్ని అమాయకుడని వెనకేసుకొచ్చే వాళ్లు ఈ ఒక్క సంఘటన దగ్గర ఆగిపోవాలి. పీల్చిన ఒక్క నిమిషం ఆవిరికీ, రోజుకు పది గంటలు అందులోనే పనిచేసే కార్మికుడి గతికీ తేడా ఆయనకు తెలియనిది కాదు.

న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి నగరాలు అమ్మకాన్ని నిషేధించాయి. 1925 మేలో అమెరికా సర్జన్ జనరల్ వాషింగ్టన్‌లో సదస్సు పెట్టారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన యాండెల్ హెండర్సన్, పారిశ్రామిక రోగాల మీద జీవితమంతా పనిచేసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల భయం ఫ్యాక్టరీలతో ఆగలేదు. వీధుల్లో కోట్ల కార్ల పొగలో రోజూ కొంచెం కొంచెం పడే సీసం గురించి. కంపెనీ వాదన ఒక్కటే: దీనికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. ఆల్కహాల్ ఊసు వెనక్కి పోయింది. కొద్ది నెలల అధ్యయనం తర్వాత 1926 జనవరిలో కమిటీ నిషేధించడానికి తగిన కారణం కనిపించలేదని చెప్పింది, మున్ముందు అధ్యయనం కొనసాగాలని కూడా చెప్పింది. ఆ అధ్యయనం తర్వాతి నలభై ఏళ్లు ప్రధానంగా పరిశ్రమ డబ్బుతోనే నడిచింది.

ఆక్టేన్ అంకె పుట్టింది ఈ గొడవ చల్లారుతున్న రోజుల్లోనే. ఇథైల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త గ్రాహమ్ ఎడ్గర్ ఒక కొలబద్ద ప్రతిపాదించారు. సులువుగా నాక్ అయ్యే హెప్టేన్‌కు సున్నా, బాగా ఓర్చుకునే ఐసో ఆక్టేన్‌కు వంద. ఒక పెట్రోలు 91 ఆక్టేన్ అంటే, 91 పాళ్ల ఐసో ఆక్టేన్, 9 పాళ్ల హెప్టేన్ మిశ్రమం ఏ కంప్రెషన్ దగ్గర నాక్ అవుతుందో అది కూడా అక్కడే నాక్ అవుతుందని అర్థం. కంప్రెషన్‌ను పెంచుతూ తగ్గిస్తూ కొలిచే ప్రత్యేక సింగిల్ సిలిండర్ ఇంజిన్ తయారైంది. నాక్ అయినప్పుడు ఎగిరిపడి కరెంటు సర్క్యూట్‌ను కలిపే ఒక ఉక్కు పిన్ను చప్పుడును అంకెగా మార్చింది. ఆ పిన్ను మిడ్జ్‌లీ, ఆయన సహచరుడు బాయిడ్‌ల ఆలోచన.

బంకు దగ్గర తికమకకు ఒక కారణం కొలతలు రెండు ఉండటం. నిమిషానికి 600 చుట్ల వేగంతో కాస్త తేలిక పరిస్థితుల్లో కొలిచేది రీసెర్చ్ ఆక్టేన్. 900 చుట్లతో, వేడి మిశ్రమంతో కొలిచేది మోటార్ ఆక్టేన్; ఇది కొన్ని అంకెలు తక్కువ వస్తుంది. మన దేశంలో చెప్పేది మొదటిది. అమెరికా బంకుల మీద రాసేది రెండింటి సగటు. అందుకే అక్కడి 87, మన 91 దాదాపు ఒకటే పెట్రోలు. బురదలో, ఇసుకలో తిరిగే ఏటీవీలలో చాలావరకు విదేశీ మాన్యువళ్లతో వస్తాయి. అందులో 87 అని చూసి మన పెట్రోలు అవసరానికి మించి మంచిదనుకోవడం, 91 అని చూసి మామూలు పెట్రోలు సరిపోతుందనుకోవడం రెండూ పొరపాట్లే. అమెరికా లెక్కలో 91 అంటే మన దగ్గర 95 రకం పోయాల్సిన బండి.

డేటన్‌లో మొదట మోగిన ఆ జనరేటర్ ఇంజిన్‌కు నేటి ఏటీవీ ఇంజిన్ దగ్గరి చుట్టమే. చాలా వాటిలో ఒకటే సిలిండర్. తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగుతుంది. గాలి సరిగా తగలక వేడెక్కుతుంది. నాకింగ్‌కు ఇంతకంటే అనువైన పరిస్థితులు ఉండవు. మోడల్ టి ఫోర్డ్ కంప్రెషన్ నిష్పత్తి నాలుగుకు ఒకటి. పొలం పనుల ఏటీవీల్లో అది 9, 10 దరిదాపుల్లో ఉంటే, పందేల బళ్లలో 12 దాకా పోతుంది. మొదటి రకానికి మామూలు పెట్రోలు చాలు. వాటిలో 100 ఆక్టేన్ పోస్తే సత్తువ పెరగదు, జేబు తేలికవుతుంది. రెండో రకంలో తక్కువ ఆక్టేన్ పోస్తే, నాక్ సెన్సార్ ఉన్న ఇంజిన్ స్పార్క్‌ను ఆలస్యం చేసి సత్తువ తగ్గించుకుని బతుకుతుంది. సెన్సార్ లేని పాత కార్బురేటర్ బండి పిస్టన్‌ను పోగొట్టుకుంటుంది. సరైన పెట్రోలు పోసినా ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గోళీలు ఊపినట్టు చప్పుడొస్తే ముందు చూడాల్సింది ఇగ్నిషన్ టైమింగ్, పేరుకున్న కార్బన్, వేడి. ఖరీదైన పెట్రోలు ఆ తర్వాతి మాట. లద్దాఖ్ వంటి ఎత్తుల్లో గాలి పల్చన కాబట్టి టర్బో లేని ఇంజిన్‌కు ఆక్టేన్ అవసరం కాస్త తగ్గుతుంది కూడా. అమెరికా కొండ రాష్ట్రాల్లో 85 అమ్మడం వెనక ఉన్న లెక్క ఇదే.

1928లో కెటరింగ్ మరో పని అప్పగించారు. అప్పటి ఫ్రిజ్‌లలో వాడే వాయువులు విషపూరితమో, మండేవో. మిడ్జ్‌లీ బృందం మళ్లీ ఆవర్తన పట్టిక ముందు కూర్చుని, రోజుల వ్యవధిలో క్లోరిన్, ఫ్లోరిన్ కలిసిన సమ్మేళనాన్ని తయారుచేసింది. అదే ఫ్రియాన్. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును పీల్చి, వదిలిన ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపారు. పీల్చి చూపించడం ఆయనకు అలవాటైపోయింది. ఈసారి మాత్రం నిజంగానే మనిషికి హాని లేదు. ఆ వాయువు పైకి పోయి ఓజోన్ పొరను తినేస్తుందని 1974 దాకా ఎవరూ ఊహించలేదు. ఈ రెండు ఆవిష్కరణల్నీ ఒకే గాటన కట్టి ఆయన్ని తిట్టడం సబబు కాదు. ఫ్రియాన్ విషయంలో ఆయనకు తెలియదు. సీసం విషయంలో తెలుసు.

పతకాలు వరసగా వచ్చాయి. 1941లో ప్రీస్ట్‌లీ పతకం, 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్ష పదవి. ఈలోగా 1940లో, 51 ఏళ్ల వయసులో, పోలియో సోకి కాళ్లు చచ్చుబడ్డాయి. మంచం మీంచి తనను తాను లేపుకోవడానికి తాళ్లు, కప్పీలతో ఒక ఏర్పాటు చేసుకున్నారు. 1944 నవంబర్ 2న ఒహైయోలోని ఇంట్లో, ఆ తాళ్లు మెడకు బిగుసుకుని చనిపోయి కనిపించారు. వయసు 55.

ఆయన పోయాక కూడా సీసం వీధుల్లో కురుస్తూనే ఉంది. భూమి వయసును లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్, తన నమూనాల్లో ఎక్కడ చూసినా సీసం చొరబడుతుండటం గమనించి, ఇది ప్రకృతి సహజం కాదని 1965లో తేల్చారు. పరిశ్రమ ఆయనతో ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి సీసాన్ని దింపడానికి తోడ్పడింది ఒక యంత్ర భాగం: పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సీసం తగిలితే పాడైపోతుంది. మన దేశంలోనూ అంతే జరిగింది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోలు వచ్చింది. దేశమంతటా అమలుకు 2000 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఇప్పుడు పాతికేళ్లు దాటిన ప్రతి నగరవాసీ చిన్నతనంలో కొంతైనా మిడ్జ్‌లీ సీసం పీల్చినవారే. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే సీసానికి సురక్షితమైన మోతాదు లేదని వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021 జూలైలో సీసం పెట్రోలు ఆపింది. చిన్న పిస్టన్ విమానాల ఇంధనంలో సీసం ఇంకా ఉంది.

సీసం ఖాళీ చేసిన చోటును రిఫైనరీలు మొదట ఇతర రసాయనాలతో, మెరుగైన శుద్ధి పద్ధతులతో నింపాయి. ఇప్పుడు అక్కడికి వస్తున్నది ఇథనాల్, మిడ్జ్‌లీ 1921లో నడిపి చూపించిన ఆల్కహాల్. చెరకు, బియ్యం, మొక్కజొన్న నుంచి తీసి 20 శాతం కలిపిన పెట్రోలు దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. ప్రమాణాల ప్రకారం దాని ఆక్టేన్ కనీసం 95 ఉండాలి. మామూలు పెట్రోలుకు 91 చాలు. ఆక్టేన్ పెరిగినా మైలేజీ కొంత తగ్గుతుంది, ఎందుకంటే లీటరు ఆల్కహాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ. పాత బళ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు దాన్ని తట్టుకోలేకపోవచ్చు. నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచే ఏటీవీలో అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలాంటి బండికి ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేసి ఉంచడం మేలు. బియ్యాన్ని ఇంధనానికి మళ్లించడం మీద, చెరకు తాగే నీటి మీద వాదన వేరుగా నడుస్తోంది.